యువత: ఇంటర్నెట్‌లో ఆరోగ్య సమాచారాన్వేషణ

శరీరం, మనసు, వ్యాధులు, మందులు, ఆహారం, వైద్య సేవలు వంటి విషయాల్లో కలిగే సందేహాలకు సెర్చ్ ఇంజన్లు, వెబ్‌సైట్లు, వీడియోలు, సామాజిక మాధ్యమాలు, యాప్‌లు, చాట్‌బాట్‌లలో సమాధానం వెతుక్కోవడాన్ని ఇంటర్నెట్ ఆరోగ్య సమాచారాన్వేషణ అంటారు. ప్రజారోగ్యం, సమాచార శాస్త్రం, మనోవిజ్ఞానం, విద్యాశాస్త్రం దీన్ని అధ్యయనం చేస్తాయి. యువతను విడిగా పరిశీలించడానికి మూడు కారణాలున్నాయి. శరీరంలో, మనసులో వేగంగా మార్పులు వచ్చే వయసు ఇది. ఇంట్లోగాని, బడిలోగాని పైకి అడగలేని సందేహాలు ఈ వయసులోనే ఎక్కువ. సొంతంగా డాక్టరు దగ్గరికి వెళ్లడానికి కావలసిన డబ్బు, అనుమతి, ఏకాంతం చాలామందికి ఉండవు. ప్రపంచవ్యాప్త పరిశోధనల నేపథ్యంలో భారతదేశంలోని, ముఖ్యంగా తెలుగు రాష్ట్రాల్లోని పరిస్థితిని ఈ వ్యాసం వివరిస్తుంది.

నిర్వచనం, పరిధి

వయసు: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10–19 ఏళ్ల వారు కౌమారులు, 10–24 ఏళ్ల వారు యువజనులు. ఐక్యరాజ్య సమితి గణాంకాల్లో యువత అంటే 15–24 ఏళ్ల వారు. భారత జాతీయ యువజన విధానం (2014) 15–29 ఏళ్ల వారిని యువతగా పరిగణించింది. సర్వేలు వేర్వేరు వయోవర్గాలను తీసుకుంటాయి కాబట్టి వాటి అంకెలను నేరుగా పోల్చడం కుదరదు.

ఉద్దేశపూర్వక అన్వేషణ, యాదృచ్ఛిక పరిచయం: ప్రశ్న మనసులో పెట్టుకుని వెతకడం మొదటి రకం. మరేదో చూస్తుండగా రీల్స్‌లోనో షార్ట్స్‌లోనో ఆరోగ్య సలహా కంటపడటం రెండో రకం. చిన్న వీడియోలు పెరిగాక ఈ రెండింటి మధ్య గీత చెరిగిపోయింది. కంటపడిన వీడియో ఒక ప్రశ్నను పుట్టిస్తుంది. ఆ ప్రశ్నతో చేసిన సెర్చ్ అలాంటివే మరికొన్ని వీడియోలను తెరపైకి తెస్తుంది.

సంబంధిత భావనలు: ఆన్‌లైన్ సమాచారాన్ని వెతికి, అర్థం చేసుకుని, విలువ కట్టి, వాడుకోగల సామర్థ్యం ఈ-ఆరోగ్య అక్షరాస్యత. కెనడాకు చెందిన నార్మన్, స్కిన్నర్ 2006లో దీన్ని కొలవడానికి 8 ప్రశ్నల కొలమానాన్ని (ఈహీల్స్) రూపొందించి యువజనులపైనే పరీక్షించారు. లక్షణాలను పదేపదే వెతికి ఆందోళన పెంచుకోవడాన్ని సైబర్‌కాండ్రియా అంటారు. వ్యాధి ప్రబలినప్పుడు నిజమూ అబద్ధమూ కలగలిసి ఉప్పెనలా వచ్చిపడే సమాచారం ఇన్ఫోడెమిక్.

చరిత్ర

ఇంటర్నెట్‌కు ముందు

తెలుగునాట పైకి అడగలేని ఆరోగ్య సందేహాలకు చాలాకాలం దారి చూపింది పత్రికల ప్రశ్న–జవాబు శీర్షికలే. విజయవాడకు చెందిన డాక్టర్ జి. సమరం వారపత్రికల్లోనూ పుస్తకాల్లోనూ లైంగిక విజ్ఞానంపై పాఠకుల ప్రశ్నలకు దశాబ్దాల పాటు జవాబులిచ్చారు. పేరు చెప్పకుండా అడగడం, నిపుణుడు జవాబివ్వడం, అదే సందేహమున్న మరెందరో దాన్ని చదువుకోవడం ఈ శీర్షికల పద్ధతి. తర్వాత వచ్చిన ఆరోగ్య వెబ్‌సైట్లు కూడా ఇదే పద్ధతిని అనుసరించాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన 104 ఫోన్ సేవ ఆరోగ్య సలహాను ఫోన్‌లోనే అందుబాటులోకి తెచ్చింది.

తొలి వెబ్‌సైట్లు

అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం 1993లో విద్యార్థుల కోసం ‘గో ఆస్క్ ఆలిస్’ అనే ప్రశ్నోత్తరాల సేవను ప్రారంభించింది. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1998లో మెడ్‌లైన్‌ప్లస్‌ను తెచ్చింది. వెబ్‌సైట్ల విశ్వసనీయతకు గుర్తింపుగా జెనీవాకు చెందిన హెల్త్ ఆన్ ది నెట్ ఫౌండేషన్ 1996 నుంచి ‘హాన్‌కోడ్’ ముద్ర ఇచ్చేది. ఈ సేవ 2022లో ముగిసింది. కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ 2001లో 15–24 ఏళ్ల అమెరికన్ యువతపై చేసిన సర్వేలో, ఇంటర్నెట్ వాడేవారిలో నాలుగింట మూడు వంతుల మంది కనీసం ఒకసారి ఆరోగ్య సమాచారం వెతికినట్లు తేలింది.

చౌక డేటా, సామాజిక మాధ్యమాలు

భారతదేశంలో మలుపు మొబైల్‌తో వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో 4జీ సేవలు మొదలయ్యాక డేటా ధరలు పడిపోయి, ఇంటర్నెట్ సైబర్ కేఫ్ నుంచి జేబులోకి చేరింది. 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ సెర్చ్‌కు తెలుగు తోడైంది. 2020 డిసెంబరులో సెర్చ్ ఫలితాలను ఇంగ్లిషు నుంచి తెలుగులోకి మార్చి చూసే వీలును ప్రకటించారు. 2020 జూన్‌లో ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించాక, కొద్ది నెలల్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ భారత్‌లో అడుగుపెట్టి ఆ ఖాళీని నింపాయి.

కోవిడ్, ఆ తర్వాత

2020 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ టెడ్రోస్ అధనోమ్ వ్యాధి వ్యాప్తితో పాటు ఇన్ఫోడెమిక్‌తోనూ పోరాడుతున్నామని ప్రకటించారు. భారత్‌లో 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. ఏప్రిల్‌లో ఆన్‌లైన్‌లో డాక్టరును సంప్రదించే ఈ-సంజీవని ఓపీడీ సేవలు మొదలయ్యాయి. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య పంచిన కోవిడ్ మందుపై వీడియోలు సామాజిక మాధ్యమాల్లో వ్యాపించి వేలాది మంది అక్కడికి తరలివెళ్లారు. రాష్ట్ర ప్రభుత్వం పంపిణీని ఆపించి, పరిశీలన తర్వాత కంటి చుక్కలు మినహా మిగతా వాటికి అనుమతినిచ్చింది. శాస్త్రీయ పరీక్ష పూర్తికాకముందే ఒక మందు పేరు ఎంత వేగంగా పాకుతుందో చెప్పడానికి దీన్ని ఉదాహరణగా చూపుతారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ రాకతో సమాచారాన్వేషణలో సంభాషణ పద్ధతి మొదలైంది.

అన్వేషించే విషయాలు

కౌమార మార్పులు, లైంగిక ఆరోగ్యం: స్వప్నస్ఖలనం, హస్తప్రయోగం, జననాంగాల పరిమాణం, గర్భనిరోధం, లైంగిక సంక్రమణ వ్యాధులు ఈ వర్గంలోకి వస్తాయి. వీర్యం పోతే నీరసం వస్తుందన్న భయాన్ని, దానితో ముడిపడిన లక్షణాలను మనోరోగ వైద్యుడు ఎన్. ఎన్. విగ్ 1960లో ‘ధాతు సిండ్రోమ్’గా పేర్కొన్నారు. ఇప్పటికీ యువకుల్లో కనిపించే ఈ భయమే నకిలీ వైద్య ప్రకటనలకు పెట్టుబడి.

నెలసరి: క్రమం తప్పడం, నొప్పి, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య), శుభ్రత, పాటించవలసినవిగా చెప్పే ఆంక్షలు ఇందులోని ప్రశ్నలు. ‘మెన్‌స్ట్రుపీడియా’ (2012) వంటి భారతీయ ప్రయత్నాలు ఈ విషయాలను కామిక్ రూపంలో బాలికలకు వివరిస్తున్నాయి.

మానసిక ఆరోగ్యం: పరీక్షల ఒత్తిడి, నిద్రలేమి, ఒంటరితనం, ఆందోళన, కుంగుబాటు ప్రధానాంశాలు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్ల వారిలో సుమారు 7.3 శాతం మందికి మానసిక రుగ్మతలున్నట్లు అంచనా వేసింది. యునిసెఫ్ 2021 నివేదిక కోసం జరిగిన సర్వేలో, మానసిక సమస్యలకు ఇతరుల సాయం తీసుకోవడం మంచిదని చెప్పిన 15–24 ఏళ్ల భారతీయులు 41 శాతమే. 21 దేశాల సగటు 83 శాతం.

చర్మం, జుట్టు: మొటిమలు, చుండ్రు, జుట్టు రాలడం, రంగు గురించిన ప్రశ్నలు ఇందులో ఉంటాయి. రోగంగా భావించని ఈ సమస్యలకు డాక్టరు కంటే ముందు వీడియోలనే ఆశ్రయిస్తారు.

ఆహారం, వ్యాయామం: బరువు తగ్గడం, కండలు పెంచడం, ప్రొటీన్ పౌడర్లు, డైట్ పద్ధతులు ఈ వర్గానివి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2024 మేలో విడుదల చేసిన 17 ఆహార మార్గదర్శకాల్లో, కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడవద్దని సూచించింది.

దీర్ఘకాలిక వ్యాధులు, సేవల వివరాలు: టైప్-1 మధుమేహం, తలసేమియా, ఆస్తమా, మూర్ఛ ఉన్న యువత మందుల మోతాదు, రోజువారీ జాగ్రత్తలు, తోటి రోగుల అనుభవాల కోసం వెతుకుతారు. విదేశాలకు చదువుకు వెళ్లే తెలుగు విద్యార్థులు అక్కడి విశ్వవిద్యాలయాలు అడిగే టీకా ధ్రువపత్రాలు, ఆరోగ్య బీమా నిబంధనల గురించి చూస్తారు.

మాధ్యమ రకాలు

సెర్చ్ ఇంజన్లు చాలామందికి మొదటి మెట్టు. జవాబు మొదటి తెరపైనే కనిపిస్తే లింకు తెరవకుండా ముగించేవారు ఎక్కువ.

సంస్థాగత వెబ్‌సైట్లను ప్రభుత్వాలు, ఆస్పత్రులు, వైద్య సంఘాలు నడుపుతాయి. తెలుగులో ఉన్నవాటిలో వికాస్‌పీడియా ముఖ్యమైనది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ తరఫున హైదరాబాద్ సీ-డాక్ రూపొందించిన ఈ పోర్టల్ 2014లో మొదలైంది. ఇందులో ఆరోగ్యానికి ప్రత్యేక విభాగముంది. 2003లో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలోనూ వ్యాధులు, శరీర అవయవాలపై వ్యాసాలున్నాయి.

వీడియో వేదికల్లో డాక్టర్ల ఛానళ్లు, టీవీ ఆరోగ్య కార్యక్రమాల ముక్కలు, ప్రకృతి వైద్యం, చిట్కాల ఛానళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. చదవడం కంటే వినడం తేలిక అనుకునేవారికి ఇవే ప్రధాన వనరు.

సామాజిక మాధ్యమాల్లో ఇన్‌ఫ్లుయెన్సర్లు, తోటివారి అనుభవాలు, వాట్సాప్ ఫార్వర్డ్‌లు ఉంటాయి. చాలా వాట్సాప్ ఫార్వర్డ్‌లలో మూలం తెలియదు. పంపిన మనిషి తెలిసినవాడు కావడంతో నమ్మకం మాత్రం కలుగుతుంది.

యాప్‌లలో నెలసరి లెక్కించేవి, కేలరీలు, అడుగులు, నిద్ర కొలిచేవి, డాక్టరుతో మాట్లాడించేవి ఉన్నాయి.

చాట్‌బాట్‌లు ప్రశ్నను సంభాషణగా స్వీకరించి ఒకే సమాధానంగా కూర్చి ఇస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 ఏప్రిల్‌లో ‘సారా’ అనే కృత్రిమ మేధ ఆరోగ్య సహాయకురాలిని ప్రయోగాత్మకంగా విడుదల చేసింది.

అన్వేషణ జరిగే తీరు

ఈ ప్రక్రియను ఐదు దశలుగా చూడవచ్చు.

ప్రేరణ: ఒక లక్షణం, స్నేహితుల మాట, పాఠంలో దాటవేసిన అధ్యాయం, డాక్టరు రాసిన మందుచీటీ, లేదా కంటపడిన వీడియో అన్వేషణకు కారణమవుతుంది.

ప్రశ్న రూపకల్పన: తెలుగు యువత మూడు రకాలుగా ప్రశ్న వేస్తుంది. తెలిసిన ఇంగ్లిషు పదాలు టైపు చేయడం ఒకటి. ‘పింపుల్స్ పోవాలంటే ఏం చేయాలి’ వంటి మాటలను రోమన్ అక్షరాల్లో కొట్టడం రెండోది. తెలుగులో మాట్లాడి వాయిస్ సెర్చ్ చేయడం మూడోది. వాయిస్ సెర్చ్‌కు అక్షరాలతో పనిలేదు గాని ఏకాంతం కావాలి. నలుగురున్న గదిలో నెలసరి గురించి ఫోన్‌ను పైకి అడగడం కష్టం.

ఎంపిక: వరుసలో పైనున్న ఫలితాన్ని, ఎక్కువ వీక్షణలున్న వీడియోను ఎంచుకోవడం సర్వసాధారణం. హాన్సెన్ బృందం 2003లో అమెరికాలో 12 మంది విద్యార్థుల సెర్చ్ తీరును పక్కనుండి గమనించింది. వారు సుమారు 69 శాతం సందర్భాల్లో సరైన, ఉపయోగపడే సమాధానం కనుక్కోగలిగారు. ఒక పద్ధతి లేకుండా తోచినట్లు వెతకడం, సైటు ఎవరిదో పట్టించుకోకపోవడం వారిలో కనిపించాయి.

విలువ కట్టడం: ఐసెన్‌బాక్, కోలర్ జర్మనీలో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఒక వైరుధ్యం బయటపడింది. మూలం ముఖ్యమని మాటల్లో చెప్పినవారే వెతికేటప్పుడు ‘మా గురించి’ పేజీలు తెరవలేదు. ఆ అధ్యయనం పెద్దలపై జరిగినా, యువతపై వచ్చిన తర్వాతి పరిశోధనలూ ఇదే ధోరణిని గుర్తించాయి. పేజీ రూపం, భాష సులువు, నాలుగైదు చోట్ల ఒకే మాట కనిపించడం వంటివి యువతకు నమ్మకం కలిగించే గుర్తులు. ఒకే తప్పు పది చోట్లకు నకలైనప్పుడు ఈ చివరి గుర్తు మోసం చేస్తుంది.

చర్య: అమ్మకో అక్కకో చెప్పడం, స్నేహితులకు పంపడం, మెడికల్ షాపులో మందు అడగడం, ఊళ్లోని ఆర్‌ఎంపీ (వైద్య పట్టా లేని స్థానిక వైద్యుడు) దగ్గరికో ప్రభుత్వాస్పత్రికో వెళ్లడం, లేదా ఏమీ చేయకుండా వేచి చూడడం చివరి దశ.

ఒక ఉదాహరణ: మొటిమలున్న ఇంటర్ విద్యార్థి వీడియోల్లో మొదట నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్టు వంటి చిట్కాలు చూస్తాడు. అవి చర్మంపై మంట పుట్టించవచ్చు. తర్వాత తెల్లబరిచే క్రీముల సమీక్షలు వస్తాయి. వాటిలో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన కొద్ది రోజులకే ముఖం నునుపుగా కనిపిస్తుంది గాని, వాడకం కొనసాగితే చర్మం పలచబడుతుంది, మానేస్తే ఎరుపు, మొటిమలు తిరగబెడతాయి. కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో అనేక పైపూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ అవసరమైన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చిట్కాలతో మొదలైన వీడియోల వరుస ఇలా చీటీ ఉంటే తప్ప అమ్మకూడని మందు దాకా తీసుకుపోతుంది.

ఇతర వనరులతో సంబంధం

ఇంటర్నెట్ వచ్చాక కుటుంబం, డాక్టరు వెనక్కి వెళ్లిపోయారన్న భావనను సర్వేలు పూర్తిగా సమర్థించవు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన సర్వేలో 13–18 ఏళ్ల వారిలో 84 శాతం మంది ఆన్‌లైన్‌లో ఆరోగ్య సమాచారం పొందినట్లు చెప్పారు. ఆరోగ్య సమాచారం ఎక్కువగా ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు మాత్రం తల్లిదండ్రులని చెప్పినవారు 55 శాతం, ఇంటర్నెట్ అని చెప్పినవారు 25 శాతం. 2018లో హోప్‌ల్యాబ్, వెల్ బీయింగ్ ట్రస్ట్ జరిపిన సర్వేలో 14–22 ఏళ్ల వారిలో ఆన్‌లైన్‌లో వెతికినవారు 87 శాతం. డాక్టరును కలిసే ముందు ప్రశ్నలు సిద్ధం చేసుకోవడానికి, కలిసొచ్చాక విన్నది సరిచూసుకోవడానికి, ఎవరినీ అడగలేని చోట ఒంటరిగా తెలుసుకోవడానికి ఇంటర్నెట్ ఉపయోగపడుతుంది. వీటిలో మూడో సందర్భంలో సమాచారాన్ని సరిదిద్దేవారు ఎవరూ ఉండరు కాబట్టి ముప్పు అక్కడ ఎక్కువ.

ప్రభావితం చేసే అంశాలు

ఫోన్ ఎవరిది: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019–21) ప్రకారం 15–49 ఏళ్ల వారిలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రప్రదేశ్‌లో మహిళలు 21.0 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో మహిళలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. విద్యాస్థితిపై వెలువడే అసర్-2023 నివేదిక ప్రకారం దేశవ్యాప్తంగా ఎంపిక చేసిన గ్రామీణ జిల్లాల్లో 14–18 ఏళ్ల వారిలో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. దాన్ని వాడటం వచ్చినవారిలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం. అన్న ఫోన్‌లోనో నాన్న ఫోన్‌లోనో వెతికే అమ్మాయికి సెర్చ్ హిస్టరీయే అడ్డుగోడ.

చదువుకునే చోటు: తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ విద్యార్థులు చాలామంది హాస్టళ్లలో ఉంటారు. ఫోన్లు అనుమతించని హాస్టళ్లలో వారి అన్వేషణ సెలవు రోజులకే పరిమితమవుతుంది. మిగతా రోజుల్లో తోటి విద్యార్థుల మాటే ఆధారం.

భాష: వైద్యపరంగా సరిచూసిన సమాచారం ఇంగ్లిషులో ఉన్నంతగా తెలుగులో లేదు. లైంగిక అవయవాలకు వాడుకలో ఉన్న తెలుగు మాటలు బూతుగా చలామణీ అవుతుండగా, పుస్తకాల్లోని సంస్కృత పదాలు చాలామందికి పరిచయం లేవు. అందువల్ల తెలుగు మాధ్యమంలో చదివినవారు కూడా ఇంగ్లిషు పదాలతో వెతుకుతారు. వచ్చిన సమాధానం అర్థం కాక వీడియోలకు మళ్లుతారు.

వడపోత సాఫ్ట్‌వేర్: అశ్లీల చిత్రాలను అడ్డుకోవడానికి పెట్టే వడపోతలు ఆరోగ్య సమాచారాన్నీ ఆపగలవు. రిచర్డ్‌సన్ బృందం 2002లో ప్రచురించిన అమెరికన్ అధ్యయనంలో, కనీస స్థాయి వడపోత 1.4 శాతం ఆరోగ్య పేజీలను అడ్డుకోగా, అత్యంత కఠిన స్థాయి 24 శాతం పేజీలను అడ్డుకుంది.

ప్రయోజనాలు

పేరు చెప్పకుండా, ఏ వేళనైనా, ఖర్చు లేకుండా అడగగలగడం ప్రధాన ప్రయోజనం. తనకున్న లక్షణానికి ఒక పేరుందని, అది మరెందరికో ఉందని తెలియడం సిగ్గును, భయాన్ని తగ్గిస్తుంది. అరుదైన వ్యాధులున్నవారు, వికలాంగులు, ట్రాన్స్‌జెండర్ యువత తమలాంటివారిని ఆన్‌లైన్‌లోనే కలుసుకోగలుగుతున్నారు. చదువురాని తల్లిదండ్రుల పరీక్షల రిపోర్టులు, మందుచీటీలు చదివి చెప్పే బాధ్యత కూడా పిల్లలదే అవుతోంది. ఆ విధంగా యువత వెతికిన సమాచారం ఇంటిల్లిపాదికీ చేరుతుంది.

సమాచార నాణ్యత, ముప్పులు

తప్పుడు సమాచారం: ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉండే రుగ్మత)పై టిక్‌టాక్‌లో ఎక్కువ మంది చూసిన 100 వీడియోలను కెనడా పరిశోధకులు పరిశీలించి 2022లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 52 శాతం తప్పుదోవ పట్టించేవిగా, 21 శాతం ఉపయోగకరమైనవిగా తేలాయి. మిగిలినవి వ్యక్తిగత అనుభవాలు. ఇలాంటి వీడియోలు సొంతంగా రోగనిర్ధారణ చేసుకునే ధోరణిని పెంచుతాయన్న ఆందోళన ఉంది. మానసిక సమస్యల గురించి మాట్లాడే ధైర్యాన్ని ఇస్తాయన్న వాదనా ఉంది.

ఆందోళన పెరగడం: మైక్రోసాఫ్ట్ పరిశోధకులు వైట్, హార్విట్జ్ 2009లో ప్రచురించిన అధ్యయనం, తలనొప్పి వంటి మామూలు లక్షణంతో మొదలైన సెర్చ్ మెదడులో గడ్డ వంటి అరుదైన వ్యాధుల వైపు మళ్లే తీరును వివరించింది. అరుదైన వ్యాధుల గురించి పేజీలు ఎక్కువగా ఉండటమే దీనికి ఒక కారణం.

వాణిజ్య ప్రయోజనం: సలహాకు, ప్రకటనకు తేడా తెలియని వీడియోలు సప్లిమెంట్లు, క్రీములు, ‘మగతనం’ మందుల అమ్మకానికి వేదికలవుతున్నాయి.

శరీరాకృతిపై అసంతృప్తి: సన్నబడటం, కండలు, రంగు గురించిన వీడియోలు వరుసగా చూడటానికీ ఆహార రుగ్మతలకూ ఉన్న సంబంధంపై పరిశోధనలు సాగుతున్నాయి. కారణం ఏది, ఫలితం ఏది అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు.

గోప్యత: నెలసరి తేదీలు, మనోస్థితి వంటి వివరాలను యాప్‌లు ప్రకటనకర్తలకు అందించే ప్రమాదం ఉంది.

చాట్‌బాట్‌ల పరిమితులు: ఇవి తప్పును కూడా తొణకని భాషలో చెప్పగలవు. శరీరాన్ని పరీక్షించలేవు. అడిగినవారి వయసు, ఇతర వ్యాధులు చెప్పకపోతే వాటికి తెలియవు.

సంస్థాగత ప్రయత్నాలు

కేంద్ర ఆరోగ్య శాఖ 2014 జనవరి 7న 10–19 ఏళ్ల వారి కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్‌ను ప్రారంభించింది. పోషకాహారం, లైంగిక–పునరుత్పత్తి ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, హింస–గాయాలు, మత్తు పదార్థాలు, అసాంక్రమిక వ్యాధులు ఇందులోని ఆరు అంశాలు. కౌమార ఆరోగ్య కేంద్రాలు, తోటివారి ద్వారా బోధన దీని సాధనాలు. 2017లో దీనికి తోడుగా ‘సాథియా సలహా’ యాప్ వచ్చింది. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. అంతకుముందు 2005లో తెచ్చిన కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో పలు రాష్ట్రాలు అభ్యంతరాలతో నిలిపివేశాయి. బడిలో జవాబు దొరకని ప్రశ్నలు ఫోన్‌లోకి చేరడానికి ఇలాంటి ఖాళీలు కారణమని లైంగిక విద్యను సమర్థించేవారు అంటారు. వయసుకు, సంస్కృతికి తగని పాఠాలు వద్దన్నది వ్యతిరేకుల వాదన.

2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ (14416) మానసిక ఆరోగ్య సేవను బెంగళూరులోని నిమ్‌హాన్స్ సమన్వయం చేస్తుంది. ఇందులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆపదలో ఉన్న 18 ఏళ్ల లోపు పిల్లలకు 1098 సహాయవాణి ఉంది. వాస్తవ నిర్ధారణలో 2014లో హైదరాబాద్‌లో మొదలైన ఫ్యాక్ట్‌లీ తెలుగు, ఇంగ్లిషు భాషల్లో ఆరోగ్య వదంతులనూ పరిశీలిస్తోంది. వాట్సాప్ 2018లో భారత్‌లో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. 2020లో అనేకసార్లు ఫార్వర్డ్ అయిన సందేశాన్ని ఒక్క చాట్‌కే పంపేలా మార్చింది.

చట్టాలు, నియంత్రణ

లైంగిక సామర్థ్యం పెంచుతామని, కొన్ని నిర్దిష్ట వ్యాధులను నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి మందులు, మాయ చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం నిషేధిస్తుంది. 2023 ఆగస్టులో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆరోగ్య ఇన్‌ఫ్లుయెన్సర్లకు అదనపు మార్గదర్శకాలు జారీ చేసింది. వైద్య నిపుణులమని చెప్పుకునేవారు తమ అర్హత వెల్లడించాలి. నిపుణులుగా కనిపించే ఇతరులు తమ మాట వైద్య సలహాకు ప్రత్యామ్నాయం కాదని స్పష్టం చేయాలి. డాక్టర్ల సామాజిక మాధ్యమ ప్రవర్తనపై నిబంధనలున్న జాతీయ వైద్య కమిషన్ నియమావళి 2023 ఆగస్టులో వెలువడి, అదే నెలలో నిలిచిపోయింది.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం (2023) 18 ఏళ్ల లోపు వారి డేటా వాడకానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలంటుంది. పిల్లల ప్రవర్తనను గమనించడాన్ని, వారిని లక్ష్యంగా చేసుకున్న ప్రకటనలను నిషేధిస్తుంది. ఇది రక్షణే అయినా, తల్లిదండ్రులకు తెలియకుండా సమాచారం కోరే కౌమారులకు దారి మూసుకుపోవచ్చన్న విమర్శ ఉంది.

పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం (2012) 18 ఏళ్ల లోపు వారి లైంగిక చర్యల గురించి తెలిసినవారు పోలీసులకు తెలపాలని నిర్దేశిస్తుంది. విషయం పోలీసులకు తెలుస్తుందన్న భయంతో కౌమారులు ఆస్పత్రికి బదులు ఇంటర్నెట్‌ను ఆశ్రయిస్తారన్నది ఆరోగ్య కార్యకర్తల వాదన. 2022 సెప్టెంబరు 29 నాటి తీర్పులో సుప్రీంకోర్టు, మైనరు గర్భస్రావం కోరినప్పుడు ఆమె, సంరక్షకుల కోరికపై డాక్టరు ఆమె గుర్తింపును పోలీసులకు వెల్లడించనవసరం లేదని పేర్కొంది.

పరిశోధన పద్ధతులు, పరిమితులు

సర్వేలు, బృంద చర్చలు, సెర్చ్ చేస్తుండగా గమనించడం, సెర్చ్ లాగ్‌ల విశ్లేషణ, వీడియోల నాణ్యతా పరీక్ష ప్రధాన పద్ధతులు. ఈహీల్స్ వంటి కొలమానాలు వ్యక్తి తన సామర్థ్యం గురించి అనుకునేదాన్నే కొలుస్తాయి. నిజంగా ఎంత చేయగలరో చెప్పవు. సున్నితమైన అంశాలపై సర్వేల్లో దాపరికం ఉంటుంది. వేదికలు త్వరత్వరగా మారిపోవడం వల్ల ఫలితాలు కొద్ది ఏళ్లకే పాతబడతాయి. మౌలిక అధ్యయనాలు ఎక్కువగా అమెరికా, ఐరోపా, కెనడాలవి. సొంత ఫోన్, సొంత గది, కుటుంబ డాక్టరు ఉన్న సమాజాల ఫలితాలను, ఫోన్ పంచుకునే గ్రామీణ కుటుంబాలకు యథాతథంగా వర్తింపజేయలేం.

ప్రాముఖ్యం

ఆరోగ్య అక్షరాస్యతను డాన్ నట్‌బీమ్ 2000లో మూడు స్థాయులుగా విభజించారు. సమాచారం చదివి అర్థం చేసుకోవడం మొదటిది. దాన్ని ఇతరులతో చర్చించి వాడుకోవడం రెండోది. విమర్శనాత్మకంగా పరిశీలించి నిర్ణయం తీసుకోవడం మూడోది. గ్రే బృందం 2005లో అమెరికా, బ్రిటన్ కౌమారులపై ప్రచురించిన అధ్యయనం ఈ మూడు స్థాయుల్లోనూ లోపాలను గుర్తించింది. ఆరోగ్య పదాల స్పెల్లింగ్ తెలియకపోవడం, దొరికినదాన్ని తమ పరిస్థితికి అన్వయించుకోలేకపోవడం, నమ్మదగిన సైటును వేరు చేయలేకపోవడం వాటిలో కొన్ని.

చౌక డేటా ఇంటర్నెట్‌ను అందుబాటులోకి తెచ్చి మొదటి అడ్డంకిని తగ్గించింది. సొంత భాషలో సరిచూసిన సమాచారం, అడగడానికి ఏకాంతం, దొరికినదాన్ని నిలదీసి చూసే శిక్షణ, వెతికాక వెళ్లడానికి దగ్గర్లో నమ్మకమైన ఆరోగ్య కార్యకర్త అనే నాలుగు అవసరాలు మాత్రం నెట్‌వర్క్‌తో తీరేవి కావు. ఇవి బడి, కుటుంబం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోనివి. అందుకే కౌమార ఆరోగ్య కార్యక్రమాలు ఆన్‌లైన్ సమాచారాన్ని విడి అంశంగా కాకుండా కౌన్సెలింగ్, పాఠశాల ఆరోగ్య విద్యలతో కలిపి చూస్తున్నాయి.